కంపు చెట్లు – నరకుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

గ్రామపంచాయతీ సమావేశమునకు వచ్చు అర్జీలలో రోడ్లు, కొళాయిలు, వీధిదీపముల తరువాత చెట్లకు సంబంధించినవి కూడ తరచు కానవచ్చును. కొమ్మ యింటిపై వాలినదని ఒకరు, వేరు గోడను పగులగొట్టినదని వేరొకరు, ఆకులు రాలి వాకిలి నిండుచున్నదని ఇంకొకరు వ్రాయుదురు. వీనితోపాటు మరియొక ఫిర్యాదు కలదు. “ఈ చెట్టు కంపు కొట్టుచున్నది, దీనిని కొట్టివేయించవలెను” అనునదే అది. అర్జీ చదివిన వెంటనే సభలో నలుగురు తలయూపుదురు. కలప కొనువాడు అప్పటికే సిద్ధముగ నుండును. తీర్మానము పది నిమిషములలో ముగియును. చెట్టు ఒక పూటలో నేలగూలును. కాని ఆ చెట్టు ఆ ఎత్తునకు పెరుగుటకు 40, 50 సంవత్సరములు పట్టియుండును. తీర్మానమును మరుసటి సమావేశమున రద్దు చేయవచ్చును గాని, నరికిన చెట్టును తిరిగి నిలుపజాలము.

ఇట్టి అర్జీ వచ్చినపుడు పంచాయతీ సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు మూడు. ఆ వాసన చెట్టులో ఏ భాగమునుండి వచ్చుచున్నది? పూవు నుండియా, ఆకు నుండియా, వేరు నుండియా, కలప నుండియా? అది సంవత్సరమున ఎన్ని దినములు ఉండును? ఆ చెట్టు పోయినచో గ్రామము ఏమి పోగొట్టుకొనును? ఈ మూడింటికి సమాధానము తెలిసినపుడే తీర్పు న్యాయమైనదగును. దుర్వాసనగల కలప, వేరు, పూవులను గూర్చి శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతులను, మన గ్రామములకు పనికివచ్చు మేరకు, మేము ఈ వ్యాసమున వివరింప దలచినాము.

చేవలోని గిడ్డంగి

చెట్టు మానును అడ్డముగ కోసి చూచిన, పెక్కు చెట్లలో నడుమ ముదురు రంగు భాగమొకటి, దాని చుట్టు లేత రంగు భాగమొకటి కనబడును. వెలుపలి లేత చెక్క వేళ్లు పీల్చిన నీటిని ఆకులకు చేరవేయును. నడిమి చెక్క ఆ పనిని మానుకొన్నది. దానినే మన వడ్రంగులు చేవ యందురు. పని మానినంత మాత్రమున అది వ్యర్థము కాదు. చెట్టు తన తైలములను, బంకలను, వగరు పదార్థములను అచ్చట దాచుకొనును. బూజు, చెదలు, పుచ్చుపురుగు దరిచేరకుండ ఈ పదార్థములలో పెక్కు కాపాడును. చేవగల టేకు దూలము తరతరములు నిలుచుటకును, చేవలేని చెక్క నాలుగు వానలకే పుచ్చుటకును కారణము ఇదే.

శ్రీగంధపు పరిమళము ఈ గిడ్డంగిలోనిదే. కర్పూరపు చెట్టు కలపను ఉడికించి ఆవిరిపట్టి తీయు కర్పూరమును ఇట్టిదే. కొన్ని చెట్లు తమ గిడ్డంగిలో దాచుకొన్న పదార్థము మన ముక్కునకు పరిమళమైనది. మరికొన్ని దాచుకొన్నది దుర్గంధమైనది. చెట్టు మనలను సంతోషపెట్టుటకును దాచలేదు, ఏవగింపు కలిగించుటకును దాచలేదు. తన బ్రతుకు కొరకు దాచుకొన్నది. వేపనూనె కంపును భరించలేని రైతు కూడ పురుగు పట్టిన పైరుపై ఆ నూనెనే చల్లించుట మనమెరిగినదే.

కంపు అను మాటను గూర్చియు ఒక చిన్న సంగతి చెప్పవలసియున్నది. మనము దానిని చెడు వాసనకే వాడుచున్నాము. మన పొరుగుననున్న కన్నడిగులు అదే మాటను సువాసనకు వాడుదురు. మాట ఒకటే, ముక్కును బట్టి అర్థము మారినది. శాస్త్రజ్ఞులు కనుగొన్న సత్యము కూడ ఇట్టిదే. మల్లెపూవులోని వాసనకు కారణమగు పదార్థములలో ఇండోల్ అనునది ఒకటి. మిక్కిలి కొద్దిగ నున్నపుడు అది పూవుకు నిండుదనము నిచ్చును. అదే పదార్థము పరిమాణము మించినపుడు పెంటవాసనగ మారును. దానికి దగ్గరి చుట్టమగు స్కటోల్ అను పదార్థము మలమునకు సహజమైన వాసన నిచ్చునది. దానిని 1877లో బ్రీగర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. మనుష్యులు, పశువులు తిన్న ఆహారములోని మాంసకృత్తులు ప్రేగులలోని సూక్ష్మజీవులచే విరిగినపుడు ఇది పుట్టును.

లంకలోని చెట్టు

ఇంతటి పేడవాసన కలపలో నుండునాయని పాఠకులు సందేహింపవచ్చును. శ్రీలంకలోను, మన దేశమున పశ్చిమ కనుమలలోను, మరికొన్ని తడి అడవులలోను పెరుగు ఒక చెట్టు కలదు. వృక్షశాస్త్రజ్ఞులు దానిని సెల్టిస్ టిమోరెన్సిస్ అందురు. సింహళీయులు గురెంద అందురు. దాని పచ్చి కలపను కోసినపుడు మలపు కంపు గుప్పుమని కొట్టును. 1889లో డన్‌స్టన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు ఈ జాతి కలపను పరీక్షించి అందులోనుండి స్కటోల్‌ను వేరుచేసెను. అంతవరకు జంతువుల ప్రేగులలోనిదని తలచిన పదార్థము చెట్టులో కూడ పుట్టునని దీనివలన తేలినది. కలప సమీపమున మురికి ఏదియు లేదు. ఏ పశువును అచ్చట నిలువలేదు. చెట్టే ఆ పదార్థమును తయారుచేసుకొన్నది.

దీనినుండి మనము గ్రహింపవలసిన దేమనగా, కలపలోని దుర్వాసన ఆ చెట్టు అపరిశుభ్రమైనదనుటకు గురుతు కాదు. అట్టి చెట్టు నీడను నిలుచుటవలన రోగము వచ్చుననుటకు ఆధారము లేదు. అదేవిధముగ, కంపుగల కలపయెల్ల గట్టిదని తలచుటయు పొరపాటే. కొన్నింటికి కంపు ఉండును, బలముండదు. ప్రతి జాతిని దాని గుణము ననుసరించియే విచారింపవలెను.

పేరు చెడ్డది, కలప మంచిది

కంపు అను పేరు మోసిన చెట్టు మిక్కిలి విలువైనదై, ఆ విలువవలననే నాశనమునకు సమీపించిన వృత్తాంతము దక్షిణాఫ్రికాలో కలదు. ఆ దేశపు దక్షిణ తీరపు అడవులలో సుమారు 30 మీటర్ల ఎత్తువరకు పెరుగు ఒక వృక్షమున్నది. 1652లో కేప్ ప్రాంతమున స్థిరపడిన డచ్చివారు దానికి స్టింక్‌హౌట్ అని పేరు పెట్టిరి. కంపుకొయ్య యని దాని అర్థము. జూలూలు ఉనుకాని యందురు. ఆ పేరును వాసనను తెలుపు మాటనుండి పుట్టినదే. శాస్త్రజ్ఞులు ఒకోటియా బుల్లాటా అందురు. దాల్చినచెక్క, కర్పూరము ఏ కుటుంబములోనివో ఈ చెట్టును ఆ కుటుంబములోనిదే.

గొడ్డలి పడిన వెంటనే దీని పచ్చి కలప దుర్వాసన కొట్టును. కలప ఆరినకొలది ఆ వాసన తగ్గి తుదకు పోవును. పిమ్మట మిగిలిన కొయ్య ముదురు గోధుమరంగు మొదలు నలుపు వరకు నిగనిగలాడుచు, గట్టిగ, చెక్కడమునకు అనువుగ నుండును. కేప్ ప్రాంతపు వడ్రంగులు దీనితో కుర్చీలు, బల్లలు, అలమారులు చేసిరి. బండ్లకును, తుపాకి పిడులకును వాడిరి. ఆ సామానులు నేడు కూడ గొప్ప వెలకు అమ్ముడుపోవుచున్నవి. కొన్నవాని యింట నున్నది కంపుకొయ్యయే గాని, అందులో కంపు లేదు.

పచ్చి కలప వాసన చెట్టును కాపాడలేకపోయినది. కేప్ పట్టణమునకు దగ్గరి అడవులు ముందు తరిగిపోయినవి. తరువాత గొడ్డళ్లు తూర్పుగ సాగి నైస్నా అడవులకు చేరినవి. అచ్చట పేద కొయ్యకొట్టువారి కుటుంబములు తరములుగ ఈ పనిమీదనే జీవించినవి. వారికి దక్కినది స్వల్పము. లాభము కలప వర్తకులది. తుదకు 1939లో ప్రభుత్వము చట్టముచేసి, కొయ్యకొట్టువారికి భరణ మేర్పరచి, వారి నరుకుడు హక్కులను ముగించినది. నేడు ఆ దేశపు 1998 నాటి అటవీ చట్టము క్రింద ఇది రక్షిత వృక్షము. అనుమతి లేక దానిని నరకుట నేరము. ప్రభుత్వపు అడవులలో ముసలివై చావనున్న మానులను మాత్రము గుర్తించి, లెక్కప్రకారము కొట్టించి, వేలము వేయుచున్నారు.

కలపకు కట్టుబాటు వచ్చినను ఆపద తీరలేదు. ఈ చెట్టు బెరడును తలనొప్పి మొదలగు బాధలకు నాటువైద్యులు వాడుదురు. పట్టణములు పెరిగినకొలది బెరడుకు గిరాకి పెరిగినది. పూర్వము వైద్యుడు తనకు కావలసిన ముక్కను మాత్రము తీసికొని పోయెడివాడు. ఇప్పుడు సంతలో అమ్ముటకై మాను చుట్టును, అందినంత ఎత్తు వరకును ఒలుచువారు బయలుదేరిరి. ఆకులు తయారుచేసిన ఆహారము వేళ్లకు దిగునది బెరడు లోపలిపొర గుండనే గదా! చుట్టంతయు ఒలిచినచో వేళ్లు ఆకలితో చచ్చును. చెట్టు నిలుచుండియే ఎండును. మోడునుండి పిలకలు వేయు శక్తి దీనికి కలదు. కాని పిలక మానగుటకు ఒక తరము చాలదు.

మన తూర్పు కనుమలలో ఈ కథకు సరిపోలిక కలదు. నరమామిడి యను చెట్టును దక్షిణాఫ్రికా కంపుకొయ్య కుటుంబములోనిదే. దాని బెరడు పొడి నీటిలో కలిపిన జిగురుగ మారును. అగరువత్తుల పిండిని పుల్లకు పట్టించుటకు ఆ పొడిని వాడుదురు. మన పూజగదిలోని పరిమళము ఊడిపోక నిలుచుటకు ఆ బెరడు ఆధారమైనది. ఆ గిరాకివలననే చెట్లను నిలువున ఒలుచుట జరిగి, పెక్కుచోట్ల నరమామిడి అరుదైపోయినది. ఒకచోట కంపుకొయ్య, ఒకచోట అగరువత్తి. చెట్టుకు కలిగిన ఆపద మాత్రము ఒక్కటే. అటవీ ప్రాంతములలోని పంచాయతీలు బెరడు కొనుటకు వచ్చు వర్తకుని ఈ దృష్టితో చూడవలెను.

మన ఊళ్ల చెట్లు

ఇక మన పల్లెలలో కంపు చెట్లని పేరుపడినవానిని చూతము.

మురికితుమ్మ: చెరువుగట్లను, బంజరులలోను, కంచెలలోను ముండ్లతో గుబురుగ పెరుగు చిన్న చెట్టు. శీతకాలమున పసుపుపచ్చని గుండ్రని పూలు పూయును. ఆ పూల పరిమళమును బట్టి కొందరు దీనిని కస్తూరితుమ్మ యందురు. వేరును త్రవ్వి నలిపినచో కుళ్లిన కంపు వచ్చును. అందుచేత మరికొందరు మురికితుమ్మ, కంపుతుమ్మ అందురు. పూవును చూచినవారు ఒక పేరును, వేరును త్రవ్వినవారు ఒక పేరును పెట్టిరి. ఇరువురును సత్యమే చెప్పిరి.

ఈ చెట్టు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతములనుండి లోకమంతట వ్యాపించినది. 1611లో సాంటో డొమింగో నుండి వచ్చిన విత్తనములు రోము నగరమున ఫర్నేసీ వంశపువారి తోటలో మొలిచినవి. 1625లో ఆ తోటను వర్ణించిన గ్రంథమున దీని ప్రస్తావన వచ్చినది. ఆ వంశము పేరే నేటికి దీని శాస్త్రనామములో నిలిచియున్నది. ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున గ్రాస్, కాన్ ప్రాంతములలో దీని పూలనుండి అత్తరుల వ్యాపారులు సువాసన ద్రవ్యము తీసిరి. మన అమరకోశమున విట్ఖదిరము అనగా పెంటవాసనగల చండ్ర యను పేరు కలదు. అమెరికానుండి ఈ తుమ్మ రాకపూర్వమే పుట్టిన పేరగుటచే, అది మొదట మరియొక చెట్టుకు చెందినదై యుండవలెను.

తుమ్మల వేరులలోను, వాని బంధువులలోను కంపు ఏల పుట్టునను ప్రశ్నకు అత్తిపత్తి మొక్క కొంత సమాధాన మిచ్చినది. ముట్టుకొన్న ఆకులు ముడుచుకొను ఈ మొక్కను మన పిల్లలెల్ల రెరుగుదురు. దీని లేత వేళ్లను వ్రేలితో తాకినను, మట్టి రాచుకొన్నను గంధకము కలిసిన దుర్వాసనగల వాయువులు వెలువడుననియు, గాజు, లోహము తాకినచో వెలువడవనియు 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వేరునకు సైతము స్పర్శజ్ఞాన మున్నదని దీనివలన తెలియుచున్నది. నేలలోని శత్రువులను తొలగించుకొనుటకు చెట్టు చేయు యత్నముగ దీనిని భావించుచున్నారు.

మురికితుమ్మ వేరు కంపు నేలలో నుండును. వేరు త్రవ్విననే గాని పైకి రాదు. అందుచేత చేను కంచెగ, గట్టున మట్టి నిలుపుటకు దానిని ఉంచుటకు అభ్యంతరము లేదు. బడి ఆవరణలో, ఆటస్థలములో మాత్రము ఉంచరాదు. అచ్చట ఉంచకుండుటకు కారణము కంపు కాదు, ముండ్లు.

గుర్రపుబాదము: ఇది నిటారుగ పెరుగు పెద్ద వృక్షము, చేతివ్రేళ్లవలె విడిన ఆకులు కలది. రోమనుల పురాణమున పెంటకు అధిదేవత యొకడు కలడు. అతని పేరే లిన్నేయస్ అను స్వీడను శాస్త్రజ్ఞుడు 1753లో ఈ చెట్టు ప్రజాతి నామమునకు మూలముగ నిలిపెను. దానికి తోడు కంపుకొట్టునది యను విశేషణము కూడ చేర్చెను. ఒక చెట్టుకు ఇంతకంటె చెడ్డ పేరు పెట్టుట సాధ్యముకాదు. ఇంత పేరును తెచ్చినది ముఖ్యముగ పూవు. ఆకు రాలి, వేసవి తొలిరోజులలో పూలు విచ్చినపుడు చెట్టు చుట్టు దుర్వాసన నిండును. ఆ పూత కొలది వారములు మాత్రమే. పిమ్మట చెట్టు దట్టముగ చిగిర్చి మండుటెండలలో చల్లని నీడ నిచ్చును. దీని గింజలను వేయించి తినువారు కలరు. కాని వానిలోని ఒక విధమైన కొవ్వు పదార్థము మితిమీరిన హాని చేయును గనుక పిల్లలు విరివిగ తినకుండ చూడవలెను. ఈ చెట్టును బాటప్రక్కను, ఊరి వెలుపల సంతస్థలములోను నాటవచ్చును. ఆసుపత్రి, బడి, భోజనశాల కిటికీల దగ్గర నాటరాదు.

పెద్దమాను: మెట్ట భూములలో త్వరగా పెరుగు వృక్షము. ఆకును నలిపిన ఏవగింపు కలిగించు వాసన, బెరడును రుచిచూచిన చేదు. సామర్లకోటలో వృక్షశాస్త్ర పరిశోధనలు సాగించిన రాక్స్‌బర్గ్ దొర ఈ జాతికి శాస్త్రనామ మిచ్చి, 1795లో వెలువడ నారంభించిన తన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథమున దీనిని వర్ణించెను. అనగా శాస్త్రలోకమునకు ఈ చెట్టు మన తెలుగు నేలనుండియే పరిచయమైనది. దీని కలప తేలికైనది, మెత్తనిది. అగ్గిపుల్లలకు, సామాను పెట్టెలకు పనికివచ్చును. దూలమునకు, ద్వారబంధమునకు పనికిరాదు, త్వరలో పుచ్చును. కంపు ఉన్నంత మాత్రమున చేవ యుండదని మేము పైన చెప్పినదానికి ఇది నిదర్శనము. కాని రాజస్థానమువంటి కరవు ప్రాంతములలో దీని ఆకును గొర్రెలకు, మేకలకు మేతగ కోసి వేయుదురు. మనకు గిట్టని వాసన మేకకు గిట్టును. గొర్రెల కాపరులున్న మెట్ట గ్రామములలో బంజరుపై నాటదగిన చెట్లలో ఇదియు ఒకటి.

ఏడాకులపాల: దీని కథ పై మూడింటికి తలక్రిందులు. కలపకు కంపు లేదు. చదువుకొను పిల్లల వ్రాతపలకలకు పూర్వము దీని చెక్కను వాడెడివారు. అందుచేతనే దీని శాస్త్రనామమున విద్యార్థి వాచకమైన మాట చేరినది. చూచుటకు అందము, పెరుగుటకు వేగము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణపు చెట్లను కూల్చినపిమ్మట, నగరపు వీధులలో దీనిని విరివిగ నాటిరి. చెట్లు పూతకు వచ్చిన తరువాత, శీతకాలపు రాత్రులలో ఆ పూల ఘాటును భరింపలేకున్నామని వీధులలోని వారు మొరపెట్టుకొనిరి. ఒకటి రెండు చెట్లున్నచోట పరిమళమైనది, వందలుగ నాటినచోట బాధయైనది. తప్పు చెట్టుది కాదు. ఒకే జాతిని ఇండ్లనడుమ లెక్కకు మించి నాటుటయే పొరపాటు. మల్లెలోని ఇండోల్ నేర్పిన పాఠమే ఇచ్చటను వర్తించును: పరిమాణము మారిన వాసన మారును.

వాసన రోగమునకు గురుతైనపుడు

ఇంతవరకు చెప్పినది చెట్టుకు సహజమైన వాసన. రోగమువలన పుట్టు వాసన వేరు. ఒకనాడు లేని పులిసిన కంపు చింత, మద్ది, రావి వంటి ముసలి మానునుండి వచ్చుచున్నదన్నచో దగ్గరకు పోయి చూడవలెను. మానులోని గాయముగుండ సూక్ష్మజీవులు ప్రవేశించి, గాలి చొరని నడిమి చెక్కలో పెరిగి, చెక్కను పులియబెట్టును. ఆ పులుపు నీరు పగుళ్లనుండి కారి బెరడుపై మరకలు కట్టును, ఈగలు ముసురును. దీనివలన చెట్టు వెంటనే చావదు. అయినను తొర్ర యేర్పడినదా, కొమ్మ బలహీనమైనదా యని అటవీశాఖ సిబ్బందిచేత పరీక్ష చేయించుట పంచాయతీ బాధ్యత. బడి ముందు, బస్సు ఆగుచోట నున్న చెట్టు విషయమున దీనిని వాయిదా వేయరాదు.

పంచాయతీ భవనమునకో, అంగనవాడి కేంద్రమునకో కలప కొనునపుడు కూడ ముక్కు ఉపయోగపడును. కోసిన పలకలు పులిసిన వాసన వేయుచు, కొంతభాగము అధికముగ తడిసినట్లుండిన, అట్టి కలప ఆరునపుడు లోపల పగులును. బిల్లు చెల్లించుటకు ముందే దానిని తిప్పి పంపవలెను.

వెదురు బొంగులను నీటిలో నానబెట్టినపుడు వచ్చు కంపు వీనికి భిన్నమైనది. వెదురులోని పిండిపదార్థము నీటిలో కరిగి కుళ్లుటవలన ఆ కంపు పుట్టును. పిండి పోయిన వెదురును పురుగు అంతగ ముట్టదు. ఇది మన పెద్దలు అనుభవమున నేర్చిన మంచి పద్ధతి. కాని త్రాగునీటి చెరువులో నానవేయుటకు ఎన్నడును అనుమతింపరాదు. దానికై వేరు గుంట నిర్ణయించుట ఉచితము.

కంపు వేరు, విషము వేరు

వాసన చెడ్డదైన చెట్టు విషవృక్షమనియు, వాసన మంచిదైనది మేలుచేయుననియు పెక్కుమంది నమ్ముదురు. ఈ నమ్మకము ప్రమాదకరమైనది. గన్నేరు పూవు సువాసన గలది; దేవునికి అర్పించునది. కాని గన్నేరు ఆకు, కొమ్మ, గింజ, వేరు అన్నియు విషమే. దాని పుల్లను వంటచెరుకుగ గాని, గరిటెగ గాని వాడరాదు. మేకలు మేయుచోట నరికిన గన్నేరు కొమ్మలను పారవేయరాదు. కంపుకొట్టు గుర్రపుబాదమును తీసివేసి, ఆ చోట అందము కొరకు గన్నేరు నాటించినచో, ఊరికి మేలు చేసినవార మగుదుమా యని సభ్యులు ఆలోచింపవలెను.

పంచాయతీ చేయవలసినది

చెట్టు కంపుకొట్టుచున్నదని అర్జీ వచ్చినపుడు ఈ క్రింది విధముగ నడచుకొనుట మేలని మా సూచన.

మొదటిది, వెంటనే తీర్మానము చేయక ఇద్దరు ముగ్గురు సభ్యులు చోటును చూడవలెను. వారితో గ్రామమున చెట్ల నెరిగిన వృద్ధు నొకని, పశువులు కాచువాని నొకని తీసికొనిపోవలెను. వారు చెప్పు పేర్లలోనే సగము సమాచార ముండును. కంపు నిజముగ ఆ చెట్టుదేనా, దాని మొదటనున్న మురుగు కాలువదా, పెంటకుప్పదా యని చూచుట అవసరము. కాలువ బాగుచేయుట మాని చెట్టును నరికినచో కంపు అచ్చటనే నిలుచును, నీడ మాత్రము పోవును.

రెండవది, వాసన పూవుదైనచో పూత ఎన్ని వారములుండునో తెలిసికొనవలెను. కిటికీలకు ఆనుకొన్న కొమ్మలను మాత్రము తీయించినచో బాధ తగ్గునేమో విచారింపవలెను. ఫిర్యాదు చేసినవారి మాటను తేలికగ కొట్టివేయరాదు. ఉబ్బసపు రోగులు, పసిపిల్లలు ఉన్న యింటివారికి ఘాటైన పూత నిజమైన కష్టమే. చెట్టునకును మనిషికిని నడుమ మార్గము వెదకుటయే పంచాయతీ పని.

మూడవది, నరకుట తప్పదని తేలినను చట్టప్రకారమే నడువవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా జనులు వాల్టా యను చట్టము, అనుమతి లేక చెట్లు నరకుటను నిషేధించుచున్నది. పంచాయతీ తీర్మానము ఒక్కటియే అనుమతి కాదని సభ్యులు గుర్తుంచుకొనవలెను. కలప కొనువాని తొందర మన తొందర కారాదు.

నాలుగవది, నాటునపుడే ఆలోచింపవలెను. తెలంగాణ 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామమున నర్సరీ పెంచుటను, నాటిన మొక్కలలో 85 శాతము బ్రతికించుటను పంచాయతీల బాధ్యతగ చేసినది. బ్రతికిన మొక్క పదేండ్లకు పూయును. అప్పుడు దాని వాసన ఊరంతటికి తెలియును. అందుచేత ఏ మొక్కను ఏ చోట నాటవలెనో, అది ఎన్నడు పూయునో, ఆకు, కలప ఎందులకు పనికివచ్చునో నర్సరీలోనే వ్రాసియుంచవలెను. ఒకే జాతిని వీధి పొడుగున నాటక, నాలుగైదు జాతులు కలిపి నాటుట క్షేమకరము.

ఐదవది, 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యుండవలెను. అది ప్రజల జీవవైవిధ్య పట్టికను తయారుచేయవలెను. ఈ పట్టికను కార్యాలయపు అలమారులో దాచు కాగితముగ చూడరాదు. ఊరిలోని కంపు చెట్లనుకూడ అందులో చేర్చవలెను: పేరు, మారుపేర్లు, ఉన్నచోటు, పూయు మాసము, వాసన ఏ భాగమునది, ఎవరు దేనికి వాడుచున్నారు, బెరడు కొనుటకు వర్తకులు వచ్చుచున్నారా అను వివరములన్నియు వ్రాయవలెను. ఈ జ్ఞానము నేడు వృద్ధులయొద్ద నున్నది. వ్రాసికొననిచో వారితోనే పోవును.

పెరటి చెట్టు మందుకు రాదని మన పెద్దలు చెప్పిన సామెత ఇచ్చట తలపునకు వచ్చును. దూరదేశపు కంపుకొయ్యతో చేసిన బల్ల ఖరీదైనదని విని ఆశ్చర్యపడుదుము. మన చెరువుగట్టు తుమ్మను, మన బాటప్రక్క గుర్రపుబాదమును మాత్రము పేరు చూచి తీసివేయుదుము. దక్షిణాఫ్రికావారు తమ చెట్టు విలువను అది అరుదైన పిమ్మట గుర్తించి చట్టములు చేసికొనిరి. మన గ్రామములలో చెట్లు ఇంకను నిలిచియున్నవి. మరుసటి సమావేశమున అట్టి అర్జీ వచ్చినచో, సభ్యులు సంతకము పెట్టుటకు ముందు లేచి, ఆ చెట్టు మొదటికి ఒకమారు నడచి చూచివత్తురు గాక.